తిన్నాక ఒకటి

బేతంచెర్లలో పొద్దున ఆరున్నరకే షట్టరు లేపుతా.
బండలు కోసే మిషన్లు అప్పటికే అరుస్తాంటాయి.
తెల్లదుమ్ము నాకంటే ముందే వచ్చి
కౌంటరు మీద కూచోనుంటాది.

చీటీతో వచ్చేటోళ్లు తక్కువ.
"నిన్నటి పచ్చది" అంటారు.
"నిద్దరొచ్చేది వద్దు,
మిషను కాడ తూగితే చెయ్యి పోతాది."
"రుద్దితే కారం మాదిరి మండుతాదే, ఆ గొట్టం."
పేర్లు ఎవరికీ అక్కర్లేదు,
ఇక్కడ రంగులే వైద్యం.

మద్దిలేటి లోడింగు మనిషి.
పాత పేపరు ముక్కలో మూడు బిళ్ళలు పొట్లం కట్టిస్తా.
తెల్లది నొప్పికి,
చిన్నది పట్టేసిన కండ వదలడానికి,
మూడోది, మొదటిది కడుపులో పెట్టే మంటకు.
"నొప్పికి బిళ్ళ, బిళ్ళకు బిళ్ళనా?"
అని నవ్వుతాడు, నడుము పట్టుకోనే.
తిన్నాక వేసుకోమంటే
ఉగ్గాని బండి కాడ నాలుగు ముద్దలు మింగి
చాయ్‌తోనే వేసుకుంటాడు.
లారీ హారను కొడతాంటే నీళ్లకు ఎవరు పోతారు.

రెండేండ్లు ఇచ్చినా.
కుప్పేస్తే ఒక బస్తా అయితాదేమో.

మొన్న వచ్చినాడు.
మొగం ఉబ్బింది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.
కర్నూలు పెద్దాసుపత్రి కాగితం చూపిచ్చినాడు.
కిడ్నీల లెక్క చుట్టూ పెన్నుతో రెండు సున్నలు,
కింద ఇంగ్లీషులో ఒక ముక్క,
నొప్పిబిళ్ళలు మళ్లీ ముట్టకూడదని.
చదివి చెప్పినా.
కాగితం నాది కాదు,
ఇచ్చిన చెయ్యి నాదే.

"సరే, అది వద్దులే.
దాని అన్నదమ్ముడు ఏదన్నా ఉంటే ఇయ్యన్నా,
రేపు బెంగళూరు లోడు."

డబ్బాలోకి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నా.
నెలరోజులు బరువెత్తద్దు అని చెప్పబోయి
నెల అనే మాట కాడ ఆగిపోయినా.
పాపకు పాలడబ్బా, వాళ్లమ్మకు షుగరు మందు,
వాని నెలంతా నా ఖాతా పుస్తకంలోనే ఉంది.
జ్వరం బిళ్ళలు నాలుగు కత్తిరిచ్చి ఇచ్చినా.
అరచేతిలో పెట్టుకోని చూసినాడు.
"నా నడుము ముందర ఇది పసిబిడ్డన్నా."
అయినా జేబులో వేసుకున్నాడు.

వాడు పోయినాక తడిగుడ్డతో కౌంటరు తుడిచినా.
ఇది గూడా ఈ ఊరి బండే,
ఆరడుగులు, నున్నగా పాలీషు పట్టింది.
అంగడి పెట్టిన్నాడు దీన్ని లోపలికి మోసింది ఇద్దరు.
ఒకడు మద్దిలేటే.
అప్పుడు వానికి ఏ బిళ్ళా తెలీదు.
మెట్లు ఉండాయి, ఇంకో ముప్పై ఇయ్యన్నా అంటే
బేరమాడినా.