ఒంటికన్ను

మొన్న తెల్లవారుజామున
అయనావరం సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి
"ఏమ్మా, ఒత్తక్కణ్ణా?" అన్నాడు.
నాకు ముందు అర్థం కాలేదు.
నా కళ్లు తుడుచుకున్నాను.

దిగి ముందుకెళ్లి చూస్తే
బండికి కుడికన్ను ఉంది, చూపు లేదు.
ఎడమది ఒక్కటే ఇద్దరి పనీ నెత్తినేసుకుని
రోడ్డంతా తడుముకుంటోంది.
వెనక సీటు మడిచిన చోట
నాలుగు డ్రమ్ముల ఇడ్లీ పిండి.
పిండికి పోలీసు తెలీదు, సిగ్నలూ తెలీదు,
దాని పాటికది పొంగుతుంది.

వదిలేశాడు.
వదిలేస్తూ రెండు ప్యాకెట్లు తీసుకున్నాడు.
డబ్బులిచ్చాడు, అదీ చెప్పాలి.

మెకానిక్ ధనశేఖర్ ఫోన్లోనే తేల్చేశాడు,
"మొత్తం లైటే మార్చాలక్కా, రెండున్నర వేలు."
బండి మొహం కూడా చూడలేదు.

జీపీ రోడ్డులో అబూబకర్ కొట్టుకి పోతే
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా చేతిలో పెట్టాడు.
రెండు వందల పది.
చిల్లర ఇస్తూ ఒక్క మాట,
"గాజుని వేలితో ముట్టుకోవద్దు.
ముట్టుకున్న చోటే మాడుతుంది."

రాత్రి పదిన్నర. కొళత్తూరులో మా సందు.
వాన కురిసి ఆగింది.
బానెట్ ఎత్తి కడ్డీ ఆనించాను.
పక్కింటి పదో తరగతి పిల్ల యాళిని ఫోను లైటు పట్టుకుంది,
వెలుగు నా చేతుల మీద, చూపు మెసేజీల మీద.

ప్లగ్గు పట్టుకుని లాగాను. రాలేదు.
ఇక్కడికి సముద్రం కనపడదు, వినపడదు.
దాని ఉప్పు మాత్రం ఇంతదూరం నడిచొచ్చి
ఇత్తడి ముక్కల మీద పచ్చగా కూర్చుంది.
అటూ ఇటూ ఆడించాను,
ఊగే పాలపన్నుని ఆడించినట్టు.
ఒక్కసారిగా ఊడొచ్చి మోచెయ్యి బ్యాటరీకి కొట్టుకుంది.
నేను అమ్మా అన్నాను, పిల్ల ఐయో అంది.

తర్వాత రబ్బరు టోపీ.
ఆ తర్వాత కంటికి ఆనని తీగ క్లిప్పు,
పరుపు కింద జడపిన్ను వెతికినట్టు
వేళ్లతోనే వెతకాలి.
నొక్కి, పక్కకి తోసి, వదిలితే
పాత బల్బు అరచేతిలోకి జారింది.

లైటుకెదురుగా పట్టి చూశాను.
గాజు లోపల రెండు తీగలు.
తెగింది దగ్గరివి చూపించేది.
దూరానివి చూపించేది నిక్షేపంలా ఉంది.
నేను తిరిగేవన్నీ దగ్గరి దార్లే.

ఇప్పుడు కొత్తది.
నా వేళ్ల సంగతి నాకు తెలుసు.
పదకొండేళ్ల మినప్పప్పు, ఉప్పు, గ్రైండరు జిడ్డు.
సబ్బుతో రెండుసార్లు కడిగాను. అయినా నమ్మలేదు.
ఉతికిన ఇడ్లీ గుడ్డ తెచ్చి
దాంతో పట్టుకున్నాను, మడి కట్టుకున్నదానిలా.
చెయ్యి తగలకుండా
నేను చేసిన పని బహుశా ఇదొక్కటే.

మూడు చెవులు, మూడు గాట్లు.
ఒక్క తీరుగానే కూర్చుంటుంది.
మూడుసార్లు తప్పాను.
నాలుగోసారి టిక్కుమంది.
ఎంత చిన్న చప్పుడు!
యాళిని కూడా ఫోన్లోంచి తలెత్తింది.

తాళం తిప్పాను.
ఎదురు గోడ మీద రెండు వెలుగులు,
పాతది నెయ్యి రంగు, కొత్తది పాల రంగు.
కొత్తది కాస్త పైకి చూస్తోంది,
'ఇక్కడ బండి ఆపరాదు' అన్న తమిళ అక్షరాలు దాటి
మొదటి అంతస్తులో ఎవరో ఆరేసిన లుంగీ దాకా.
"వంకరగా ఉందాంటీ."
ఉండనీ. రేపు స్క్రూ తిప్పుతా.

ధనశేఖర్‌కి ఫోన్ చెయ్యాలనిపించింది.
చెయ్యలేదు.
పాత బల్బుని కొత్తదాని డబ్బాలో పెట్టి
డాష్‌బోర్డులో పడేశాను.
ఎందుకంటే చెప్పలేను.
ఇంకా సగం బతికుంది కదా.

మూడున్నరకి డ్రమ్ములెక్కించాను.
అయనావరం సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ లేడు.
అయినా ఆ చోట బండి నెమ్మది చేశాను,
ఎవరైనా చూస్తారేమోనని.
డివైడరు మీద పడుకున్న కుక్క తలెత్తింది.
దాని కళ్లు రెండూ వెలిగాయి.