కానుగ పూలల్లో పాలపన్ను

మార్చి ఆదివారం. నీళ్ల ట్యాంకర్ వచ్చి పోయింది.
బిందెలూ టబ్బూ అయ్యాక
ఇడ్లీ కుక్కర్ కూడా నింపిపెట్టి
పార్కుకి బయల్దేరాం, నలుగురం ఒకే స్కూటర్ మీద.
ముందు నిలబడి బుడ్డోడు,
మధ్యలో ఇరుక్కుని విపంచి,
సగం సీటు మీద, సగం గాలి మీద నేను.

జేపీ నగర్ ఐదో ఫేజు పార్కు పదింటికి మూసేస్తారు.
మేం చేరేసరికి తొమ్మిది ఇరవై.
ఎప్పుడూ అంతే. ఒకడికి చెప్పు దొరకదు,
ఒకదానికి జడ నచ్చదు.

లోపల కానుగలు రాత్రంతా రాల్చినట్టున్నాయి.
బొరుగుల మూట చిరిగి దారి పొడుగునా ఒలికినట్టు
తెలుపు, అంచుల్లో కాస్త వంకాయ రంగు.
బుడ్డోడు గుప్పెడు తీసి నోట్లో పెట్టుకోబోయాడు.
"ఇందులో పొయ్యి నాన్నా" అంటూ
వాళ్ల నాన్న హెల్మెట్ తిరగేసి ఇచ్చాడు.

విపంచి జారుడుబండ మెట్లెక్కుతోంది,
నాలుక కొసతో పన్ను తోసుకుంటూ.
నాలుగు రోజులుగా అదే పని,
ఎక్కాలు చదువుతూ, పాలు తాగుతూ, నిద్రలో కూడా.
పైనుంచి జారింది. కింద లేచింది.
ఏదో చెప్పబోయి ఆగి
వేలితో తడుముకుంది.
లేదు.

తెల్లటి పూలల్లో తెల్లటి పన్ను.
బియ్యంలో రాళ్లు ఏరడం నాకు అలవాటే,
బియ్యంలో ఒక బియ్యపుగింజని వెతకడం ఇదే మొదలు.

వాళ్ల నాన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు,
ఆఫీసులో ఎవరికీ చూపించని బట్టతలని
ఎండకి అప్పగించి.
వాకింగ్ పెద్దాయనొకరు కన్నడంలో ఆరా తీసి
చెవుల్లోంచి వైర్లు పీకేసి తనూ వంగాడు.
షటిల్ కుర్రాళ్లు బ్యాట్లతో పూలు తిరగేశారు.
చీపురు ఆపి మునియమ్మ అడిగింది,
ఎన్ని తరాల కిందటో ఈ ఊళ్లో నాటుకుపోయిన తెలుగులో:
"ఏమి పోయెనమ్మా, బంగారమా?"
"పన్ను" అన్నాను.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
పొద్దున్నుంచీ ఊడ్చి పోగేసిన కుప్పని
మళ్లీ నేల మీద పరిచింది.

"ఇంటి మీద వెయ్యకపోతే కొత్తది రాదు కదా"
విపంచి కళ్లలో నీళ్లు.
ఆ మాట నేనే చెప్పాను, మొన్న రాత్రి నిద్రపుచ్చడానికి.
"మన ఇంటి మీద శ్యామలాంటీ ఇల్లుంది కదా"
అని అప్పుడే పట్టుకుంది నన్ను.
రేపు చెప్తానన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు.

"మన్నులో పడింది కదా పాపా, మొలుచును లే."
"అయితే పళ్ల చెట్టా?" అన్నాడు బుడ్డోడు,
హెల్మెట్ పొట్టకి హత్తుకుని.

అప్పుడు నవ్వింది విపంచి.
ఆ సందులోంచి చిన్న ఎర్రటి చీకటి,
నేనింతకు ముందు చూడని మొహం.

పది. గేటు దగ్గర విజిల్.
తనూ ఈలేసి బదులివ్వబోయింది. గాలే వచ్చింది.
మునియమ్మ మళ్లీ మొదట్నుంచి ఊడుస్తోంది.
హెల్మెట్ తలకి కావాలి, పూలు పారబొయ్యమంటే
బుడ్డోడు రోడ్డు మీద పడుకుంటానన్నాడు.
నా చున్నీ కొసకి మూటగట్టాను.

సాయంత్రమంతా ఇంట్లో కొత్త భాష:
"అమ్మా, థున్నుండ కావాలి."
లేకపోయినా అడుగుతోంది,
ఆ మాట నోట్లో ఎలా జారిపోతుందో వినడానికి.

రాత్రి బట్టలు తియ్యడానికి మేడెక్కితే
తీగ మీద అందరి ఇళ్ల బనియన్లూ, యూనిఫారాలూ.
శ్యామల వాళ్లకీ, మాకూ, కింద వాచ్‌మన్ గదికీ
కలిపి ఒక్కటే కప్పు,
మెట్లగది మీద, నీళ్ల ట్యాంకు పక్కన.
చున్నీ ముడి విప్పి
వాడిపోయిన పూలన్నీ ఒక్క విసురుతో పైకి విసిరాను.
చీకట్లో ఏది ఏదో చూడలేదు.

ఒకటి మాత్రం టక్కుమంది.
రాయి కూడా అయ్యుండొచ్చు.
బుడ్డోడు ఏరిన పూలు కదా.