వంటింటి బూడిద

సెంకు నది రాత్రికి రాత్రే వంతెన మింగింది.
ఫాదర్ అవతలి గట్టున ఉండిపోయాడు, గుర్రంతో సహా.
ఇవతల మేము:
నూట పదమూడు మంది పిల్లలు, నలుగురు టీచర్లు,
వంటామె మాత్సెలిసో,
విభూతి లేని విభూతి బుధవారం.

పోయినేడు కాల్చిన మట్టల బూడిద
ఫాదర్ సంచిలోనే ఉంది.

సిస్టర్ అల్ఫోన్సినా చాలాసేపు
లెసోతో కొండలకేసి చూసింది. ప్రార్థనేమో అనుకున్నాను.
కాదు, వంటింటి పొగ.
"రోజూ ఇందరి ఆకలి తీర్చే పొయ్యి,
దాని బూడిద చాలదా? నియమమో కాదో
బిషప్పుగారిని నది తగ్గాక అడుగుదాం."

మాత్సెలిసో జల్లెడ పట్టింది,
పిండి జల్లించే జల్లెడే.
మొక్కజొన్న కండెల బూడిద
తెల్లగా, ఇంకా గోరువెచ్చగా.

సిస్టర్ మణికట్టు బెణికి వారమైంది.
పళ్ళెం నా చేతికిచ్చింది.
నేను లెక్కల మాస్టర్ని. నా నమ్మకం
శేషం మిగిలిపోయే భాగహారం లాంటిది.
ఆమెకి తెలుసు. తెలిసే ఇచ్చింది.

నుదురు తరవాత నుదురు.
జ్వరంతో వచ్చిన నుదురు,
నూనె రాసిన నుదురు,
నిన్న నేను మొట్టిన నుదురు
(అక్కడ నా వేలు కొంచెం తడబడింది).
మట్టివని గుర్తుంచుకో, మట్టివని గుర్తుంచుకో.
ఏడేళ్ళ వాళ్ళకి ఆ మాట చెబుతుంటే
గొంతులో ఏదో గీరుకుంది.

అప్పుడు కంచె దగ్గర మోలెఫి.
గొర్రెల కాపరి. పన్నెండేళ్ళుంటాయేమో,
వాడికీ సరిగ్గా తెలీదు. భుజాన చిరిగిన కంబళి,
కాళ్ళకి ఎవరివో పెద్ద బూట్లు.
జనవరిలో నా బల్ల మీంచి
మూడు సుద్దముక్కలు పోయాయి. వాడే.
గేటుకి తాళం నేనే వేయించాను.

"నాకు?" అన్నాడు.
అంతే. ఒక్క మాట.

సిస్టర్ నావైపు చూడలేదు.
చూసి ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి.

తాళంచెవి నా జేబులోనే ఉంది.
తిప్పితే కదల్లేదు, తుప్పు.
మాత్సెలిసో వంటనూనె రెండు చుక్కలు వేసింది.

వాడి నుదుట వేలు పెట్టబోతే
వాడు వెనక్కి తగ్గి అడిగాడు:
"ఇది ఎవరి బూడిద?"
అంబలి పొయ్యిది, అన్నాను.
"ఆ పొయ్యి దగ్గర నేను కూర్చోవచ్చా మరి?"

నూట పదమూడు జతల కళ్ళు.
పదేళ్ళుగా ఎక్కాలు చెబుతున్నాను,
ఒకటి కలపడం అంత కష్టమని తెలీదు.

వాడు పళ్ళెంలో బొటనవేలు ముంచి
వంగమన్నట్టు నా చెయ్యి లాగాడు.
నా నుదుటి మీద గీసిన గీత
అడ్డంగా వంకర, నిలువుగా పొట్టి.
దాన్ని సిలువ అనడానికి
కాస్త దయ కావాలి.

ఆ మధ్యాహ్నం పెద్దవాళ్ళం తినలేదు.
"ఉపవాసం మనకి, పిల్లలకి కాదు,"
అంది సిస్టర్, నా వంతు అంబలి
వాడి గిన్నెలోకి వంచుతూ.
వాడు రెండోసారి అడిగాడు. మూడోసారి
అడక్కుండానే మాత్సెలిసో వడ్డించింది.

సాయంత్రం వాడి కొండకి వెళ్ళాను.
నల్లరాతి మీద సుద్దగీతలు:
నలభై రెండు గొర్రెలు, చచ్చినవి ఆరు.
కింద అంకెలు. అయిదు తిరగబడింది,
నేను బోర్డు మీద తొందరలో రాసే అయిదులా.
కిటికీ బయట నిలబడి నేర్చుకున్నాడన్నమాట,
నా తప్పుతో సహా.

గేటుకి ఆ తరవాత తాళం వెయ్యలేదు.
మర్నాడు పొద్దున్నే
మోలెఫి కంటే ముందు వాడి గొర్రెలొచ్చి
సిస్టర్ క్యాబేజీ మడి మొత్తం మేసేశాయి.
ఆమె మొదట అరిచింది. బాగానే అరిచింది.
తరవాత మిగిలిన మొదళ్ళు లెక్కపెట్టమని
వాడినే పిలిచింది.