ఎలుక పన్ను

పల్లావరం గుట్ట వెనక, క్వారీ మింగగా మిగిలిన
పాతిక సెంట్ల నేలలో మా గుంట.
మీనంబాక్కంలో దిగే విమానం తలమీంచి పోయినప్పుడల్లా
మాట సగంలో ఆపుతాం.
ఎక్కడ ఆపామో
ఏలుమలైకి గుర్తుంటుంది, నాకుండదు.

అతని కొడుకు కబిలన్, ఎనిమిదో తరగతి, వేసవి సెలవులు.
జల్లెడ దగ్గర కూర్చోబెడితే
ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

తెల్లచొక్కా ఆయన. చేతికి స్ఫటికాల మాల. వెనక
మా గుంటే.
ముప్పై వేల ఏళ్ళ నాటి నగరమట,
కింద పన్నెండడుగుల మనుషులు పడుకున్నారట,
ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న ఒక ఆడమనిషి
రాత్రిళ్ళు ఎముకలు మాయం చేస్తోందట.

ఆ ఆడమనిషిని నేనే.
రాత్రిళ్ళు నేను దాచేవి
ఆటో రసీదులు, ఆడిట్ వాళ్ళ కోసం.

"నిజమా అక్కా?"

రా, చూడు. కాళ్ళున్న మట్టిపెట్టె.
పొట్టికాళ్ళు పన్నెండు, ఏనుగుపిల్ల కాళ్ళలా.
పొడవు నా చేత్తో మూడు మూరలు.
పన్నెండడుగుల మనిషి ఇందులో పడతాడా?
ఎవరూ పడుకోలేదురా ఇందులో.
ముందెక్కడో ఎండకీ గాలికీ వదిలి, తర్వాత
ఏరుకొచ్చిన ఎముకలు కొన్ని
ఎవరో ఒడిలో వేసుకొచ్చి పేర్చారు.
ఎవరంటే, తెలియదు.
ఏ పేరు పెట్టి ఏడ్చారో తెలియదు.
ఏ భాషలోనో, అదీ తెలియదు.

ఆయన అరగంట మాటల్లో ఒక్క "తెలియదు" లేదు.
నా నివేదికలో పేజీకి రెండు.
ఆయనకి ఎనిమిది లక్షల మంది.
నా ప్రసంగానికి పదకొండు మంది,
అందులో ఒకాయన ఏసీ కోసం వచ్చాడు.

ఒకటి ఒప్పుకోవాలి, పిల్లాడికి చెప్పలేదు గానీ.
మొదటి ఏడాది నివేదిక తొమ్మిదేళ్ళుగా
ఎగ్మూరులో ఒక బీరువాలో ఉంది.
తాళంచెవి ఉన్నాయన రిటైరయ్యాడు.
తవ్విన గుంట పూడ్చకపోతే నీళ్ళు నిలుస్తాయి,
దోమలు చేరతాయి.
నేనేమో ఇన్నాళ్ళూ దోమల్ని తిడుతూ కూర్చున్నాను.

నెల్లూరు నుంచి మా చిన్నమామ ఫోన్లో నవ్వుతాడు:
"కొండను తవ్వి ఎలుకను పట్టడమేగా మీ పని!"
అవును మామయ్యా, అక్షరాలా అంతే.
మొన్న మంగళవారం నూట పన్నెండు సెంటీమీటర్ల లోతులో,
జాడీ అడుగున, మాడిన వరిపొట్టు మధ్య
ఎలుక ముందుపన్ను దొరికింది.
గోటిలో సగం. నారింజరంగు ఇంకా పోలేదు.

ఎలుక ఉందంటే గాదె ఉంది.
గాదె ఉందంటే
వచ్చే ఏడాదిని నమ్మిన ఇల్లొకటి ఉంది.
అర్ధరాత్రి గరగర చప్పుడుకి
"మళ్ళీ వచ్చింది దొంగముండ" అని
చీకట్లో లేచి కూర్చున్న ఒకామె ఉంది.

ఆమెని నివేదికలో రాయను.
రాస్తే ఆ తెల్లచొక్కా నాకూ సరిపోతుంది.
పైగా ఆ ఎలుక
ఏ అరవై ఏళ్ళ కిందటో
బొరియ తవ్వుకుంటూ దిగి, అక్కడ చచ్చిందేమో.

"రెండిట్లో ఏది?" అన్నాడు కబిలన్.
తెలియదన్నాను.
వాడి ముఖం చిన్నబోయింది.
"ఆయనైతే చెప్పేవాడు."

కోపం వచ్చింది, ఆయన మీద కాదు.
ఏదో అనబోయాను.
విమానం వచ్చింది. చాలా కిందుగా,
చక్రాలు దించుకుని, టార్పాలిన్‌ని వణికిస్తూ.
జల్లెడ ఆగింది, తాపీలు ఆగాయి.

చప్పుడు తాంబరం వైపు సన్నబడ్డాక
ఏలుమలై తువ్వాలుతో మెడ తుడుచుకుని అన్నాడు:
"బొరియ దగ్గర ఆపారమ్మా."

బొరియైతే పక్కగోడలో మట్టి రంగు మారాలి,
వదులుగా, నల్లగా, చెయ్యంత మందాన చారలా...
అంటూ వెనక్కి తిరిగితే
కబిలన్ అప్పటికే గుంట అంచున బోర్లా పడుకుని
తల కిందికి వేలాడేసి వెతుకుతున్నాడు,
ఫోను టార్చి వెలిగించి.