మూడొందల పన్నెండు

సచివాలయం బాబూ,
ఆ పలకలో మరోపాలి సూడు.
కోరాడ దాలమ్మ, భర్త లేటు సూర్నారాయణ,
నెల్లిమర్ల జనపమిల్లు, స్పిన్నింగు సెక్షను.
పేరు నాదే. అరిగిపోన వేలిముద్రా నాదే.
మూడొందల పన్నెండు యూనిట్లు మాత్రం నాయి కావు.

నా గదిలో ఒక్క బల్బు.
ఫేనుంది గానీ
తిరగడం మానీసి రెండు ఎండాకాలాలు.
మిగతాదంతా మేడమీదోళ్లది.
ఏసీ, నీళ్ల మోటరు,
రేత్తిరి పన్నెండింటికి బట్టలు తిప్పీ మిషను.
నాలుగు వాటాలున్నా మీటరు ఒకటే బాబూ.
దాని నంబరు నా ఆధారుకి ఎవులు కట్టినారో!
పుస్తి కట్టినోడైనా
ఒకమాట అడిగి కట్టినాడు.

పింసినీ అంటే ఏటనుకున్నావు?
ఒకటో తారీకు నువ్వొచ్చి తలుపు కొట్టీవోడివి.
నోట్లు నా సేతిలో ఎంతసేపుండీవి?
మెట్లెక్కినంతసేపు.
పదకొండు మెట్లు.
మూడువేలు అక్కడ దిగిపోయీవి.
మిగిలిన వెయ్యి పట్టుకుని నాను దిగీదాన్ని,
మాత్తర్లకీ, పాలకీ, మనవరాలి బస్సుపాసుకీ.
ఆ డబ్బుకి నాను తోవనే గానీ
ఇల్లుని కాను.

మూడు నెల్లైంది.
మేడమీద మేస్టారు మంచోడే, అరవనేదు.
కుళాయికి తాళమేసినాడు, అంతే.
నిన్న గోడలు తడిమి సూసి
గదికి సున్నం ఏయిస్తానన్నాడు.
ఇజీనారంలో ముప్పయ్యేళ్లు అద్దెకున్నదాన్ని,
నాకు తెలీదేటి?
ఉన్నోళ్ల కోసం ఎవుడూ సున్నమెయ్యడు.

పట్టా ఉంది కదా అంటావు.
ఉంది. కొండ కింద సెంటున్నర.
పునాది దాకా బిల్లు పడింది, ఆ పైన పడనేదు.
ఇప్పుడందులో తుమ్మమొక్క కాపరముంటంది.
దాన్నెవులూ యూనిట్లు అడగరు.

నిన్న రేత్తిరి మనవరాలు
పుస్తకం ముడిసీసి బల్బు ఆర్పీసింది.
"యూనిట్లు తగ్గుతాయి మామ్మా" అంది.
ఇద్దరం సీకట్లో కూకున్నాం.
గోడవతల
మోటరు తిరుగుతానే ఉంది.

సర్లే, అర్జీ పెట్టమన్నావు, పెడతాను.
వేలు ఎక్కడెయ్యమంటే అక్కడేస్తాను.
అడ్రసా?
దాసన్నపేట, మేస్టారి మేడ, కింద గది.

పెన్సిలుతో రాయి బాబూ.