మోసేవాడు లేడు

నారిన్ పైన కొండమీద గాలి తలుపు బాదుతున్న రాత్రి
బిష్కెక్ నుంచి ఫోను:
"మీ భూమి ఆగిపోయింది, బెర్మెత్."

నల్ల తెర ముందు కూర్చున్నాను.
ముందు దాన్నే దానిచేత పింగ్ చేయించాను.
పలికింది. ఒంటరిగా ఉన్నవాళ్లు
తమకు తాము ఎప్పుడూ పలుకుతారు.
గేట్‌వేని పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.
చిరునామా ఉంది. దారుల పట్టిక ఉంది.
ఇంటర్‌ఫేస్ లేచే ఉందట,
పక్కనే ఇంకో మాట: మోసేవాడు లేడు.

కార్డుని దించాను, ఎత్తాను. డ్రైవర్‌ని తిట్టాను.
మూడు గంటలు, నాలుగు చల్లారిన టీలు.
చివరికి కెర్నెల్ చిట్టా తిరగేస్తే
లింక్ పడిపోయిన నిమిషం దొరికింది:
ఒకటీ నలభై ఏడు.

ఎందుకో భూకంప రేఖ వైపు చూశాను.
సరిగ్గా అక్కడే
చీమ తలంత వణుకు.

కాపలా తోక్తోసున్‌ని లేపాను.
"అప్పుడేం చేశావు బైకే?"
"ఏం చేస్తాను? చలేసి
బల్ల పొయ్యి దగ్గరికి లాక్కున్నా."

బల్ల కాలి కింద నలిగిన కేబుల్.
కొత్తది బిగిస్తే ఆకుపచ్చ దీపం రెప్ప కొట్టింది.
రాత్రంతా పోగైన వణుకులు
ఒక్కసారిగా కొండ దిగాయి,
ముసలాయన చలి కూడా వాటిలోనే.