ఆఖరి స్టాపు

ఇరవై రెండేళ్లు
రోజుకి నాలుగుసార్లు ఈ ఊరిని కేకేసి పిలిచాను.
"భీమిలీ, భీమిలీ, దిగాలమ్మా దిగాలి!"
దిగినవాళ్లు ఎటు పోయేవారో నాకు పనిలేదు.
నా భీమిలంటే
ఓ గ్లాసు టీ, పన్నెండు నిమిషాలు,
వే బిల్లు మీద ఓ సంతకం.

ఇవాళ వీక్లీ ఆఫ్.
జేబులో పాసుంది, అయినా టికెట్టు కొన్నాను.
కొత్త కుర్రాడు చింపివ్వడానికి సిగ్గుపడ్డాడు.
రుషికొండ దాటాక కూడా సముద్రం
ఇంతసేపు పక్కనే నడిచొస్తుందని
జనం నడుముల మధ్య నిలబడ్డవాడికి
ఎలా తెలుస్తుంది?

డచ్చివాళ్ల సమాధుల గేటుకి తాళం లేదు,
కొబ్బరితాడు. విప్పుకుని వెళ్లాను.
రాళ్ల మీద అక్షరాలు నావి కావు,
అంకెలు మాత్రం నావే.
పోయిన ఏడులోంచి పుట్టిన ఏడు తీసేస్తే
ఒకాయనకి నలభై ఒకటి.
ఒకామెకి పంతొమ్మిది.
ఆ పక్కన చిన్న రాయి.
లెక్క రెండుసార్లు వేశాను.
మూడు.

టికెట్టు అక్కర్లేని వయసు.
ఎవరి ఒళ్లో కూర్చుని వచ్చిందో అంత దూరం,
లేక ఇక్కడి ఉప్పుగాలికే కళ్లు తెరిచిందో.
మేక ఒకటి ఆ రాయెక్కి నావైపు చూసింది,
పరాయివాణ్ని నేనే అన్నట్టు.

పావురాళ్లకొండ ఎక్కుతుంటే మోకాళ్లు
ఎక్కిదిగిన ఫుట్‌బోర్డులన్నీ అప్పజెప్పాయి.
పైన, రాతిలో తొలిచిన తొట్లు.
వానకి తప్ప ఎవరికీ బాకీ పడకుండా
భిక్షువులు నీళ్లు దాచుకున్నారట.
ఒకదాంట్లో ఇంకా చెంబెడు నీళ్లున్నాయి,
ఖాళీ చిప్స్ పాకెట్టు ఉంది,
తలకిందులుగా కాస్త ఆకాశం ఉంది.

దీపస్తంభం నీడలో చేపల పైడమ్మ
నన్ను పట్టేసింది.
"ఏటి కండట్రుబాబూ, కాకీ చొక్కా నేదేటి?
ఆ మజ్జిన మూడు రూపాయల చిల్లర
టికెట్టెనక రాసిచ్చి బస్సు లాగించీసినావు."
ఏ మధ్యన?
"మాయాయనున్నప్పుడు."

కొంగుముడి విప్పింది.
మడతల్లో అరిగి, సిరా వెలిసి,
నా చేతిరాత. మూడు. కింద గీత.
ఈ ఊళ్లో నా చేత్తో రాసిన పాతది
ఒకటి మిగిలుందని
ఏ బోర్డు మీదా లేదు.

ఐదిస్తే రెండు వెనక్కిచ్చింది.
"ఎక్కువొద్దు. నెక్క నెక్కే."
చీటీ ఇవ్వమన్నాను. ఇవ్వలేదు.
"డబ్బులకీ దీనికీ చెల్లు. కాయితం నాది.
ఆ పూట ఆయన నా పక్కసీట్లోనే కూకున్నాడు."

సాయంత్రం గోస్తనీ మొగ దగ్గర నిలబడ్డాను.
నది పల్చబడి, ఇసకదిబ్బకి తల ఆనించి
నిద్రపోతున్నట్టుంది,
ఆఖరి సీట్లో మూట కౌగిలించుకుని పడుకునే
ముసలమ్మల్లాగే.
అల వచ్చి భుజం తట్టి పోతోంది.
నోటిదాకా వచ్చింది కేక.

మింగేశాను.
అదే దిగుతుందిలే.